కీలు అరిగితే చేయి తీసివేయాలా?

పన్ను పుచ్చిందని వెళ్లినవాడికి దవడ మార్చుకొమ్మని చెప్పే వైద్యుణ్ణి మనం ఏమంటాం? మోటారు వాహనాల లోకంలో మాత్రం అటువంటి సలహాకు సాంకేతిక ప్రగతి అని పేరు. జర్మనీవారి పోర్షే 944 అనే పాత స్పోర్ట్స్ కారు సంగతి చూస్తే నా కోపానికి కారణం మిత్రులకు బోధపడుతుంది.

ముందుచక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ చివర బాల్ జాయింట్ అనే కీలు ఉంటుంది. మన తుంటి కీలు వంటిదే. గుండ్రని తల గల ఉక్కు పిన్ను, ఆ తలను పట్టి ఉంచే గూడు, పైన రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. చక్రం గతుకులలో పైకీ కిందికీ ఆడుతూనే కుడిఎడమలకు తిరగగలగడం దాని చలవే. తొడుగు చిరిగితే నీరూ ఇసుకా చేరి గ్రీజును హరిస్తాయి, కీలు వదులవుతుంది. బండిని జాక్ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆ వదులు చేతికి తెలుస్తుంది. తెలిసీ ఉపేక్షిస్తే ఏదో ఒకనాడు పిన్ను గూటిలోంచి ఊడి, చక్రం వాలిపోయి, స్టీరింగు ఉండీ లేనట్లే అవుతుంది. కావున మార్చవలసిందే, ఇందులో వాదం లేదు. ఏది మార్చాలన్నదే వాదం.

సామాన్యుల కారైన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ తొలి తరంలో ఈ కీలును ఆర్మ్‌కు రివెట్లతో బిగించేవారు. అరిగినప్పుడు రివెట్లను డ్రిల్లుతో తొలిచి, కొత్త కీలును బోల్టులతో బిగిస్తే పని ముగిసేది. 944 తొలి బళ్లకూ ఫోక్స్‌వాగన్ వంశపు ఉక్కు ఆర్ములే ఉండేవి. 1985 నడుమ అల్యూమినియం ఆర్ములు వచ్చాయి. బరువు తగ్గింది, సంతోషం. కానీ కీలును ఆర్మ్‌లో అంతర్భాగం చేసి, విడిగా అమ్మడం మానుకున్నారు. బొటనవ్రేలంత పిన్ను అరిగితే మూరెడు ఆర్మ్ కొనాలి! ఏళ్ల తరబడి పిల్లలకు సంధులు విడదీయడం నేర్పినవాణ్ణి. విడదీయరాని సంధి అని ఎవరైనా అంటే నాకు వెంటనే అనుమానం కలుగుతుంది.

"అల్యూమినియం మెత్తన, గూడు అరిగితే కొత్త పిన్ను నిలవదు, ప్రాణాలతో చెలగాటం వద్దు" అని సమర్థకులు అంటారు. గూడు చెడినా, ఆర్మ్ పగిలినా పారవేయవలసిందేనని నేనూ ఒప్పుకుంటాను. అన్నీ బాగున్న ఆర్మ్‌ను పారవేయడమెందుకు? ఎలుకలున్నాయని ఇల్లు తగులబెట్టుకోవడం కాదా? కొత్త పిన్ను, ప్లాస్టిక్ గిన్నె, తొడుగు, క్లిప్పు కలిపిన కిట్లను చిన్న చిన్న వర్క్‌షాపులవారు తయారుచేసి అమ్మారు. వారికి సాధ్యమైనది పోర్షేకు అసాధ్యమంటే నమ్మేదెవరు?

చట్టాలున్నాయి గదా అంటారా? 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు గెలిపించుకున్నది మరమ్మతు సమాచారం పొందే హక్కు. 2024లో ఐరోపా సమాఖ్య చేసిన మరమ్మతు హక్కు నిర్దేశంలో వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్లు ఉన్నాయి, కార్లు లేవు. మన దేశంలో 2022లో తెరిచిన మరమ్మతు హక్కు పోర్టల్ పరిధిలో మోటారు వాహనాలున్నాయి, మంచిదే. కానీ అరిగే భాగాన్ని విడిగా అమ్మి తీరాలని నిర్బంధించనంతకాలం, దానిని ఎలా విప్పాలో చెప్పే పుస్తకం చేతికిచ్చి ఏం లాభం?

యజమానులనూ ఒక మాట అనకుండా వదలలేను. అందం కోసం పొట్టి స్ప్రింగులు వేసి బండిని నేలకు దించేవారున్నారు. దించితే ఆర్మ్ వాలు మారుతుంది, పిన్ను గూటి అంచుకు ఒరుసుకుంటుంది. ఈ అల్యూమినియం ఆర్ములలో పిన్నులు విరగడానికి అదొక ప్రసిద్ధ కారణం. అటువంటివారు కంపెనీని తిట్టబోయే ముందు పాత స్ప్రింగులు తిరిగి వేయించుకోవాలి.