ఓడ యెక్కగోరు బాలురు

చార్మినారునకు దక్షిణమున, లాల్ దర్వాజకు చేరువనున్న మన ఛత్రినాక నుండి సముద్రతీరము చేరవలెనన్న మూడువందల కిలోమీటర్లకు మించి పోవలెను. మన బాలురలో పెక్కుమంది సముద్రమును పటమున తప్ప చూచి యెఱుగరు. అయినను పదవ తరగతి ముగించిన బాలుని తండ్రి యొకరు ఈ యేడు కాగితమొకటి చేతబట్టుకొని మాయొద్దకు వచ్చిరి. ఓడలో కళాసీ పని సిద్ధముగా నున్నదట, శిక్షణ యక్కరలేదట, సొమ్ము ముందుగా చెల్లించినచో నెలదినములలో బాలుడు ఓడ యెక్కునట. ఇంటిలోని నగలు కుదువబెట్టవచ్చునా యని వారు మమ్ము అడిగిరి. వలదని చెప్పితిమి.

కళాసీ పని నీచమని మేము వలదనలేదు. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణపు రేవునుండి పెగూ, అరకాను, పారసీక దేశములకు ఓడలు పోయెడివి. వానిని నడపినవారు గౌరవింపదగినవారే. తుప్పు గీకుట, రంగు వేయుట, రేవున మోకులు కట్టుట, రాత్రి కావలి నిలుచుట, చుక్కాని పట్టుట — ఇవి కళాసీ పనులు. బిగిసిన మోకు తెగి వెనుకకు కొట్టినచో ప్రాణము పోవును. ఎచట నిలువగూడదో ఎఱుగుట ఆ విద్యలో ముఖ్యభాగము. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదివినవారికి జ్ఞాపకముండును: పౌలెక్కిన ఓడలో నావికులు చీకటిలో లోతు కొలిచి, ముందు ఇరువది బారలు, పిమ్మట పదునైదు బారలు అని తెలిసికొని, నాలుగు లంగరులు దింపిరి. ఓడలోని 276 మంది ప్రాణములు ఆ రాత్రి కొలతాడు పట్టినవాని చేతిలో నుండెను. (ఆ నావికులే పిదప పడవ దింపుకొని పారిపోజూచిరనుటయు నిజమే.) ఇట్టి పనికి శిక్షణ యక్కరలేదనువానిని ఎట్లు నమ్ముదుము?

మన దేశమున నౌకాయాన డైరెక్టరు జనరలుగారి యామోదము పొందిన విద్యాలయములందు జనరల్ పర్పస్ రేటింగ్ అను ఆరు నెలల శిక్షణ కలదు. అచటనే నివసింపవలెను. పదవ తరగతిలో నూటికి 40 మార్కులు, ఇంగ్లీషునందును 40 రావలెను. ఇంగ్లీషు పాఠమున కునుకు తీయువారు ఈ వాక్యమును రెండుమారులు చదువుదురు గాక. వయస్సు పదునేడున్నర మొదలు ఇరువదియైదు లోపల నుండవలెను. ఓడకు ఎడమ దిక్కున ఎఱ్ఱదీపము, కుడి దిక్కున పచ్చదీపము ఉండును. ఆ రెండింటి భేదము తెలియని కన్ను గలవాడు కావలికి పనికిరాడు. కావున రుసుము కట్టకముందే కంటి పరీక్ష చేయించుట మేలు. ప్రాణరక్షక కవచము తొడిగికొని ఎత్తునుండి నీటిలోనికి దుముకుట, తలక్రిందులైన తెప్పను తిరుగవేయుట, మంటలార్పుట, గాయపడినవానికి ప్రథమచికిత్స చేయుట నేర్పుదురు. ఈత రాని మన బాలురకు మొదటి దినములు కష్టముగనే యుండును.

శిక్షణకు రుసుము కలదు. దానిని రశీదు పుచ్చుకొని చెల్లింపవచ్చును. ఉద్యోగమునకు వెల లేదు. నావికులకు పని చూపుట లాభార్జన వ్యాపారము కాగూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1920లోనే జెనోవా నగరమున నిర్ణయించెను. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను మన దేశము 2015లో అంగీకరించినది. దాని ప్రకారము పని చూపినందుకు నావికునియొద్ద ప్రతిఫలము గైకొనరాదు. వైద్యపత్రము, నావికుని పుస్తకము, పాసుపోర్టు — వీని ఖర్చులు మాత్రమే అతనివి. నూరేండ్లు దాటినను దలారులు మాయలేదు. శిక్షణ ముగించిన ప్రతివానికిని వెంటనే ఓడ దొరకదు; ఆ నిరీక్షణ కాలముననే దలారి తలుపు తట్టును. కావున విద్యాలయములో చేరుటకు ముందే, క్రిందటి జట్టులో నెందరు ఓడ యెక్కిరని అడుగుడు. బదులు చెప్పని చోట చేరకుడు.

ఆ తండ్రిగారు తాము తెచ్చిన కాగితమును మా బల్లపైననే విడిచిపోయిరి. మరియెవరికైనను ఇట్టి కాగితము వచ్చినయెడల సొమ్ము కట్టకముందు బడికి తెండు. ఆ సంస్థ పేరు ఆమోదపు పట్టికలో నున్నదో లేదో కలిసి చూతము.