కడుపులోని బిడ్డకు కాపు

మద్యం మనకు హరామ్. దానిని గురించి మన పత్రికలో వ్రాయనేల అని కొందరు అడుగవచ్చును. కాని మన విద్యార్థులలో పలువురు రేపటి ఉపాధ్యాయులు. శ్రీకాకుళం బడులకు అన్ని ఇండ్ల బిడ్డలూ వస్తారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చినది. నాడు వారు కూలిడబ్బును, కాపురాన్ని కాపాడుకొనజూచినారు. నేడు గర్భస్థ శిశువును కూడ మనం తలచుకొనవలెను.

తల్లి త్రాగిన మద్యం మావి గుండా శిశువు రక్తంలో చేరి మెదడును దెబ్బతీయగలదు. 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టినారు. నాటుసారా అయినా, జీలుగు కల్లు అయినా, గర్భిణికి హాని చేయని మోతాదు ఇంత అని వైద్యశాస్త్రం చెప్పలేదు.

ఇట్టి బిడ్డలలో పలువురికి పాఠం గుర్తుండదు, లెక్కలు పట్టుబడవు. ముఖం చూచి పోల్చుకొనుట తరచు సాధ్యం కాదు. కనుకనే "మొద్దు" అని బెత్తం ఎత్తుతాము. బెత్తం మెదడును బాగుచేయదు. ఒక్కసారికి ఒక్క మాట చెప్పుట, ప్రతిదినం ఒకే క్రమం, ఓర్పు మేలు చేస్తాయి. తల్లిని నిందించరాదు, నిందకు వెరచిన తల్లి వైద్యునికి నిజం చెప్పదు.

తొమ్మిది నెలల గర్భానికి గుర్తుగా సెప్టెంబరు 9న పలు దేశాలలో ఈ విషయమై అవగాహన దినం జరుపుతారు. ఆ దినాన మన కళాశాల కమిటీవారు ఒక వైద్యుని పిలిపించి విద్యార్థులకు ఉపన్యాసం ఏర్పాటు చేయవలెనని నా మనవి.