నవ్వుతూ నిలదీసే గొంతు

2010 ఆగస్టులో అమెరికా వార్తా ఛానళ్లను ఒకే వివాదం కమ్మేసింది. న్యూయార్క్‌లో, 2001 సెప్టెంబరు 11 దాడుల్లో కూలిన జంట భవనాల స్థలానికి రెండు వీధుల అవతల, ముస్లింలు ఒక సాంస్కృతిక కేంద్రం నిర్మించుకోదలిచారు. అందులో ప్రార్థనా స్థలంతో పాటు ఈతకొలను, సభామందిరం కూడా ఉండాలన్నది ప్రణాళిక. ఛానళ్లలో మాత్రం అది ‘గ్రౌండ్ జీరో మసీదు’గా మారిపోయింది.

ఫాక్స్ న్యూస్ ఉదయపు కార్యక్రమంలో ఒక అతిథి, ఆ ఇమామ్ కార్యక్రమాలకు ఒక సౌదీ ధనవంతుని సొమ్ము అందుతోందంటూ, పేరు చెప్పకుండానే అనుమానం నాటారు. ‘ది డైలీ షో’ అనే హాస్య కార్యక్రమంలో జాన్ స్టీవర్ట్ ఆ పేరు బయటపెట్టారు. ఆయన యువరాజు అల్‌వలీద్ బిన్ తలాల్. ఫాక్స్ న్యూస్ మాతృసంస్థలోనే పెద్ద వాటాదారు! ఆయన సొమ్ము ప్రమాదకరమైతే, మొదట అనుమానించవలసింది ఆ ఛానల్‌నే కదా? పత్రికా ప్రకటనలు చేయలేని పనిని ఒక్క నవ్వు చేసింది.

వ్యంగ్యానికి ఈ శక్తి జ్ఞాపకం నుంచి వస్తుంది. వార్తా ఛానల్ ప్రేక్షకుని మతిమరుపును నమ్ముకుని బ్రతుకుతుంది. హాస్యకారుడు నిన్నటి దృశ్యాన్ని, నేటి దృశ్యాన్ని పక్కపక్కన పెడతాడు. ఒకే నోరు రెండు మాటలు పలకడం జనం కళ్లారా చూస్తారు. 2004 అక్టోబరులో ఇదే స్టీవర్ట్ సీఎన్ఎన్ ‘క్రాస్‌ఫైర్’ చర్చకు వెళ్లి, మీ అరుపులు దేశానికి హాని చేస్తున్నాయని వ్యాఖ్యాతల ముఖం మీదే చెప్పారు. కొద్ది నెలలకే, 2005 జనవరిలో, ఆ కార్యక్రమాన్ని ముగిస్తున్నట్లు ఛానల్ ప్రకటించింది.

మన దేశానికి ఈ అద్దం ఎంత అవసరమో 2020 చెప్పింది. నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతం తర్వాత ఒక మహమ్మారికి మతం అంటగట్టారు. ‘కరోనా జిహాద్’ అనే మాట స్టూడియోల్లో మార్మోగింది. దాని ఫలితాన్ని వీధుల్లో తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకునే మన సోదరులు అనుభవించారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, మీడియాలో పెద్దయెత్తున దుష్ప్రచారం సాగిందని వ్యాఖ్యానించింది. నింద నెలల తరబడి మోగింది. తీర్పు ఒక్కరోజు వార్తగా ముగిసింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపే కార్యక్రమం మన తెరమీద ఏది?

తెలుగులో వ్యంగ్య వార్తలకు ఆదరణ లేదనలేము. తెలంగాణ యాసలో నాయకులను ఆటపట్టించే కార్యక్రమాలను ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. అయితే ఆ చురక సాటి ఛానళ్ల స్టూడియోల దాకా వెళ్లడం అరుదు. పైగా నవ్వించేవాడు ముస్లిం అయితే మూల్యం వేరు. 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టయిన మునవ్వర్ ఫారూఖీ, సుప్రీంకోర్టు బెయిలిచ్చేదాకా నెలకు పైగా జైల్లో గడిపారు. 2022 ఆగస్టులో మన హైదరాబాద్ శిల్పకళావేదికలో ఆయన ప్రదర్శన గట్టి పోలీసు బందోబస్తు నడుమ జరిగింది.

పరిహాసం మన ధర్మానికి తగునా అని కొందరు పెద్దలు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. అల్ హుజురాత్ సూరా ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయడాన్ని నిషేధించింది. అదే సూరా, దుర్మార్గుడు తెచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా నమ్మరాదని కూడా ఆదేశించింది. బలహీనుణ్ని కించపరిచే నవ్వు మొదటి హద్దును దాటుతుంది. అబద్ధాన్ని బయటపెట్టే నవ్వు రెండో ఆదేశానికి తోడ్పడుతుంది. ఈ తేడా మన యువ కళాకారులు మరువరాదు.

నవ్వు ఒక్కటే చాలదనీ ఒప్పుకోవాలి. స్టీవర్ట్ ఎంత నవ్వించినా న్యూయార్క్ కేంద్రం అనుకున్న రూపంలో లేవలేదు. నవ్వు మేల్కొలుపుతుంది, మేల్కొన్నవాడు పనిచేయాలి. అభ్యంతరకరమైన ప్రసారం చూసినప్పుడు తేదీ, సమయం రాసుకుని, ఏడు రోజులలోగా ఆ ఛానల్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. న్యాయం జరగకపోతే, ఆ ఛానల్ సభ్యురాలైతే, వార్తా ప్రసారాల ప్రమాణాల సంస్థను ఆశ్రయించాలి. తబ్లీగీ ప్రసారాలపై పౌరులు చేసిన ఫిర్యాదుతోనే 2021లో రెండు కన్నడ ఛానళ్లకు జరిమానా పడింది.

మన పిల్లల్లో మాటకారులున్నారు, చమత్కారులున్నారు. వారిని ‘మనకెందుకులే’ అని ఆపకుండా, సత్యం చేతికిచ్చి మాట్లాడనిద్దాం. ఇంట్లో మనం ఫిర్యాదు కాగితం రాయడం నేర్చుకుందాం.