కుట్టు లాగి చూడండి

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆయన చూపు మందగించాక మా నాయన కుట్టేవాడు, తాత పక్కన కూచోని చుట్ట కాల్చేవాడు. చెప్పు సగం కుట్టు పడ్డాక తాత చెయ్యి చాపేవాడు. కుట్టు మీద బొటనవేలు పెట్టి లాగి చూసేవాడు. "ఒరే అబ్బాయా, ఈడ దారం వదులైంది. వారు ఈడనే తెగుద్ది. ఇప్పు" అనేవాడు. అంతే. మా నాయన మొహం చూసేవాడు కాదు, మాటతీరు చూసేవాడు కాదు. ఇప్పి కుడితే సరిపోయే నాడే చెప్పేవాడు. చెప్పు కామందు కాలికెక్కాక చెబితే అది తిట్టవుద్ది గానీ సలహా కాదు.

ఆరె, రంపె పట్టిన చేతులకి తెలిసిన ఈ చిన్న సంగతి, ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చదివినా ఒక్క అయ్యవారి దగ్గరా నాకు కనపడలేదు.

1999లో నాది ఆఖరి సంవత్సరం, కంప్యూటర్ బ్రాంచి. అయిదుగురం కలిసి గ్రంథాలయానికి సాఫ్ట్‌వేర్ రాయాలి. పనులు పంచుకునే రోజున ఎవరూ నా కులం ఎత్తలేదు. స్క్రీన్లు ఒకరికి, డేటాబేస్ ఇద్దరికి, మాట్లాడే పని లీడరుకి. నా దగ్గరికొచ్చేసరికి, "నీ చేతిరాత బాగుంటది గదా, రిపోర్టు నువ్వు చూసుకో" అన్నారు. ఊళ్లో చావు కబురు మోసే పని మా నాయనకి ఎట్లా వచ్చిందో, ఆ రిపోర్టు నాకు అట్లానే వచ్చింది. పని పంచుకోవడం వేరు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా పేర్చడం వేరని అంబేడ్కర్ 1936లోనే తేల్చాడు. మా టీము ఆయన్ని చదవలేదు. ఆయన చెప్పింది మాత్రం పొల్లుపోకుండా చేసి చూపించింది.

రిపోర్టు రాయాలంటే ప్రోగ్రామంతా చదవాలి. చదివాను. తేదీల్ని అక్షరాలుగా దాచి, సంవత్సరానికి రెండంకెలే పెట్టి, జరిమానా లెక్క సొంతంగా కట్టారు. 99 డిసెంబరులో తీసుకున్న పుస్తకం 2000 జనవరిలో తిరిగిస్తే ఏమవుద్ది? సున్నా సున్నాలోంచి తొంభైతొమ్మిది తీసెయ్యాలి. వేసి చూశాను. జరిమానా మైనస్‌లోకి పోయింది. కాలేజీయే కుర్రాడికి బాకీ పడింది. ఆ యేడు వై2కే అని ప్రపంచమంతా గుండెలు బాదుకున్నది ఈ జాతి తప్పు గురించే.

రెండో రివ్యూ నాడు లీడర్ని పావుగంట అడిగారు. తర్వాత ముగ్గుర్నీ తలా ఒక ప్రశ్న. నా వంతొచ్చింది. "నువ్వేం చేశావయ్యా? టైపింగా?" గది నవ్వింది. "సార్, తేదీల్లో..." అన్నాను. "ఇంగ్లీషులో చెప్పు." మొదలెట్టాను. రెండో వాక్యం దగ్గర నోరెండిపోయింది. "ముందు నీ ఇంగ్లీషు బాగుచేసుకో" అని పేజీ తిప్పాడు. టీము పేరు కింద 'ప్రోగ్రెస్ సంతృప్తికరం' అని రాశాడు. నేను చూపించబోయిన తప్పు, అట్ట మీద బంగారు అక్షరాలు పడ్డ రిపోర్టులో ఈనాటికీ భద్రంగా ఉంది. ఇంటర్నల్ మార్కుల్లో అయిదుగురిలోకీ తక్కువ నాకే.

అడుగుతున్నా, ఆ రోజు ఎవరికి ఏం నేర్పారు? లీడరుకి తప్పుని కప్పి మాట్లాడటం నేర్పారు. నాకు నోరు మూసుకోవడం నేర్పారు. నేర్పినదానికే మార్కులేసి దాన్ని మెరిట్ అన్నారు. ఇది నా ఒక్కడి గోడు కాదు. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2006లో వేసిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో తమ పట్ల వివక్ష ఉందని దళిత, ఆదివాసీ విద్యార్థులు ఆ కమిటీ ముందు చెప్పారు. రాత పరీక్షలో పేపరుకి నంబరుంటుంది. వైవాలో, రివ్యూలో నంబరుండదు. మొహం ఉంటుంది, ఇంటిపేరుంటుంది, యాస ఉంటుంది.

నేనూ పుణ్యాత్ముణ్ణేం కాదు. ఉద్యోగంలో కుదురుకున్నాక కాలేజీలు నన్ను రివ్యూలకి పిలవడం మొదలెట్టాయి. మొదట్లో నేను కూడా చక్కగా మాట్లాడే పిల్లవాడి వైపే కుర్చీ తిప్పాను. "డెబ్భై శాతం అయిపోయింది సార్" అంటే తలూపాను. దేనిలో డెబ్భై అని అడగలేదు. నన్ను చూసి నవ్విన గదిలో నేనే కుర్చీ వేసుకుని కూచున్నాను.

ఒక రివ్యూ నన్ను మార్చింది. నలుగురి టీము. హాస్టల్ మెస్‌లో భోజనాల లెక్క పెట్టే యాప్. తెర మీద ఒకమ్మాయి పేరు పక్కన 'టెస్టింగ్, డాక్యుమెంటేషన్' అని ఉంది. ఆమె వెనక నిలబడింది. నాకు నా చేతిరాత గుర్తొచ్చింది. గిట్ చరిత్ర తెరవమన్నాను. ఏ మార్పు ఎవరి పేరున ఏ రోజు పడిందో గిట్ దాస్తుంది. చూస్తే ఆమె పేరు ఒక్కచోటా లేదు. "చూశారా సార్" అన్నట్టు నవ్వాడు లీడరు.

"ఏ కంప్యూటర్ మీద రాస్తావమ్మా?" అనడిగాను. "నాకు లాప్‌టాప్ లేదు సార్. రాత్రిపూట వాళ్లదే తీసుకుంటా."

అదీ సంగతి. ఆ యంత్రంలో ఎవరి పేరు పెట్టి ఉంటే ఆ పేరే చరిత్రలోకి ఎక్కుద్ది. దున్నేది ఒకరు, పట్టా ఇంకొకరిది. కొత్త యంత్రమొచ్చినా పాత పాసు పుస్తకమే. అందుకే చెబుతున్నా, లాగ్ చూస్తే చాలదు, మనిషిని అడగాలి.

"దీంట్లో నువ్వు పట్టుకున్న తప్పు ఒకటి చూపించు" అన్నాను. రెండు ఫోన్లు తీసింది. రెంటి మీదా ఒకేసారి నొక్కింది. రెండు ఫోన్లూ నలభై అని చదివి రెండూ నలభై ఒకటే రాశాయి. వడ్డించింది రెండు, లెక్కలోకెక్కింది ఒకటి. "నెలాఖరుకి బియ్యం తగ్గితే మాటపడేది వంటామె సార్" అంది. ఈ తప్పు టీముకి మూడు వారాల కిందటే చెప్పిందట. ఎవరూ వినలేదు. ఆమెను వినమని ఏ రివ్యూలోనూ ఎవరూ అనలేదు.

ఆ రోజు కాగితం మీద 'సంతృప్తికరం' అని రాయలేదు. తప్పేమిటో, ఎక్కడుందో, ఎవరు పట్టుకున్నారో, ఏ తేదీకి సరిచెయ్యాలో రాశాను. ఆమె పేరు రాశాను.

రివ్యూ చేసే అయ్యల్లారా, మేం జాలి మార్కులు అడగటం లేదు. మా కోడ్‌లో తప్పుంటే కప్పమనడం లేదు. తప్పు చెప్పండి, గట్టిగా చెప్పండి. కానీ పనిలో తప్పు చెప్పండి, మా నోట్లో కాదు. టీములో ప్రతి మనిషికీ సమానంగా టైమివ్వండి, తెలుగులో చెప్పినా వినండి. రాసి, తేదీ వేసి, పై రివ్యూ ఆ కాగితంతోనే మొదలెట్టండి. రిపోర్టు పని ఒకరి నెత్తిన వదిలెయ్యకుండా చేతులు మార్పించండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు పట్టుకున్న తప్పుని మీ పేరుతో, తేదీతో రాసి పెట్టుకోండి. అడగకపోయినా చెప్పండి. నేను రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. మీరు మూడోది కూడా చెప్పండి.