టైల్స్ తరువాత, ముందు మిద్దె సంగతి చూడండి

దసరాకో పెళ్లికో పాత ఇంటికి కొత్త సోకు చేయించడం మన పల్లెల్లో మామూలే. పట్నం నుంచి వచ్చే కొడుకులకు, కోడళ్లకు ఇబ్బంది కలగరాదని చేతిలో ఉన్న లక్షో, లక్షన్నరో పట్టుకొని సుతారిని పిలుస్తాం. ముందు గదికి టైల్స్, గోడలకు సిమెంటు గిలాబు, వీధి వైపు రంగులు. అంతటితో డబ్బు అయిపోతుంది. నెత్తి మీది మట్టి మిద్దె మాత్రం తాత కట్టించిన నాటిదే.

2020 అక్టోబర్‌లో వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలం బుద్దారంలో పాత ఇంటి పైకప్పు కూలి ఒకే కుటుంబంలో అయిదుగురు నిద్రలోనే పోయారు. 2021 అక్టోబర్‌లో గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో వానకు నానిన గోడ కూలి భార్యాభర్తలు, వారి ముగ్గురు పిల్లలు చనిపోయారు. 2024 జూలై 1న నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో మట్టి మిద్దె కూలి తల్లి, ముగ్గురు పిల్లలు మరణించారు. మూడు జిల్లాల్లో పద్నాలుగు ప్రాణాలు. అన్నీ వానలు పడ్డ రోజుల్లోనే.

మట్టి ఇల్లు చెడ్డదని కాదు. గద్వాల మట్టికోట అన్నేళ్లు నిలిచింది. మన మిద్దెలు ఎండాకాలంలో ఇచ్చే చల్లదనం స్లాబు ఇళ్లకు ఎక్కడిది? కానీ మిద్దె ఏటా మనిషి చేయి అడుగుతుంది. మృగశిర కార్తెకు ముందే పాత మట్టిని చెక్కి తీసి కొత్త చౌడు వేయాలి. తీయకుండా మీద మీద వేస్తూ పోతే బరువు పెరుగుతుంది. పదడుగుల చదరపు గదిపై అడుగు మందం మట్టి ఉందనుకోండి, అది నాలుగు టన్నులకు పైమాటే. నానితే ఇంకో టన్ను చేరుతుంది. ఆ బరువంతా మోసేది చెదలు తిన్న నాలుగు దూలాలు.

తప్పు నేనూ చేశాను. మూడేళ్ల కింద మా ఇంటి గోడలకు నడుమెత్తు దాకా సిమెంటు గిలాబు చేయించి మురిసిపోయాను. రెండో వానకాలానికే ఉప్పు పొంగి పెచ్చులు ఊడాయి. లోపల గోడ పచ్చిగా ఉంది. మా ఊరి ముసలి సుతారి చూసి, "మట్టి గోడకు సిమెంటు అంగి తొడిగితే చెమట ఎటు పోవాలె బిడ్డా?" అన్నాడు. గోడలోకి దిగిన దూలం కొసను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే నాలుగు వేళ్ల లోతు దిగింది. బయటికి మాత్రం వార్నిష్‌తో నిగనిగలాడుతోంది. ఆ రాత్రి నుంచి పిల్లలను ఆ అర్రలో పడుకోబెట్టలేదు.

కనుక ఉన్న కొద్ది డబ్బు ముందు పైకప్పుకే పోవాలి. దూలాలను సుత్తితో తట్టి చూడండి. బోలుగా మోగితే లోపల పోయినట్లే. అలాంటి దూలం కిందికి ముందు గుంజ ఎత్తించి, ఆ తర్వాతే పైన పని మొదలుపెట్టాలి. కింద ఆసరా లేకుండా మనుషులను మిద్దె ఎక్కించరాదు. అదనపు మట్టి దించి, నీళ్లు తూము వైపు పారేలా వాలు తీయాలి. దూలం మార్చే పరిస్థితి వస్తే ఇనుప గర్డరు వేసుకోవచ్చు. అదీ కుదరకుంటే మట్టంతా దించి రేకులు వేసుకోవడం మేలు. ఉక్కపోస్తుంది, నిజమే. గోడకు సిమెంటు బదులు మట్టి మెత్తి సున్నం కొట్టించండి.

రెండోది గోడ మొదలు. ఊళ్లలో సి.సి. రోడ్డు మీద రోడ్డు వేసి వీధిని ఇంటి గడపకన్నా ఎత్తు చేశారు. వాననీళ్లు మురుగు కాల్వకు పోక గోడ అడుగున నిలుస్తున్నాయి. పాత రోడ్డు తవ్వకుండా కొత్తది వేయరాదని పంచాయతీ తీర్మానం చేయడానికి పైసా ఖర్చు లేదు.

తర్వాత కరెంటు. కట్టె బోర్డులు, నల్ల గుండ్రటి స్విచ్చులు, ఫ్యూజులో లావు రాగితీగ ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. తడిగోడకు ఆ వైరు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎర్తింగు చేయించి, ఎం.సి.బి.తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోవాలి. షాక్ కొడితే క్షణంలో కరెంటు ఆపేది ఈ రెండోదే. మెరిసే నల్లాలు, షవర్లు ఎప్పుడైనా వేసుకోవచ్చు. అన్నట్టు, ఖర్చుకు చాలక టేకు దర్వాజలు పాత సామాన్ల వాళ్లకు అగ్గువకు అమ్ముకోకండి. అరగదీసి నూనె పడితే ఇంకో తరం నిలుస్తాయి.

ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద సొంత జాగా ఉన్నవారికి ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. మంచిదే. అయితే అది కొత్త ఇంటికి. జాబితాలో పేరు వచ్చేదాకా ఆ కుటుంబం ఉండేది పాత మిద్దె కిందే కదా? నాలుగు దూలాలు మార్చుకునేందుకు పాతిక, ముప్ఫై వేలు మరమ్మతు సాయంగా ఇస్తే ఎంతో మంది ధైర్యంగా నిద్రపోతారు. ఇల్లు కూలిన మర్నాడు పంచనామాకు వచ్చే అధికారులు మే నెలలోనే ఒకసారి వీధులు తిరగాలి. సిబ్బంది లేరంటారా? వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో ఏర్పడిన పాలిటెక్నిక్ ఉంది. సివిల్ చదివే పిల్లలను పది రోజులు పల్లెలకు పంపితే వాళ్లకూ చదువే, మనకూ మేలే.

మా ఇంట్లో రెండు దూలాలు మార్చాం, మట్టి సగం దించాం. ముందు గదిలో ఇంకా పాత బండలే ఉన్నాయి. టైల్స్ ఎప్పుడని చుట్టాలు అడుగుతున్నారు. పత్తి అమ్మినంక చూస్తామని చెబుతున్నాం.