శేషప్పకి బ్యాకప్ ఏదీ?

యోసెఫ్ మిస్లివెచెక్ 1737లో ప్రాగ్‌లో పుట్టాడు. ఎక్కువగా ఇటలీలో ఉండి రెండు డజన్లకి పైగా ఒపెరాలు కట్టి, 1781లో రోమ్‌లో పోయాడు. లోకం మర్చిపోయింది. అయినా 2022లో చెక్ వాళ్ళు ఆయన మీద సినిమా తీసి, పాటలు మళ్ళీ పాడించారు. ఎలా? స్వరాలు కాగితం మీదున్నాయి కాబట్టి.

ఇక మన సంగతి. ధర్మపురి శేషప్ప అనగానే నరసింహ శతకం అంటాం, బళ్ళో బట్టీ పట్టిన పద్యం ఒకటి అప్పజెప్పి చేతులు దులుపుకుంటాం. ఆయన రామాయణాన్ని యక్షగానంగా కూడా రాశాడని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచొచ్చిన మన సాఫ్ట్‌వేర్ జనంలో ఎందరికి తెలుసు?

"పుస్తకం ఉందిగా" అనకండి. యక్షగానం పుస్తకంలో సాహిత్యం ఉంటుంది, మహా అయితే రాగం, తాళం పేర్లుంటాయి. దరువు వరస మాత్రం పాడేవాడి గొంతులోనే ఉంటుంది. గొంతు పోతే వరసా పోయినట్టే. ఒక్కటే కాపీ, బ్యాకప్ లేదు! ఆఫీసులో ఇలాంటి సర్వర్ కనబడితే గోల చెయ్యమూ?

కాబట్టి సంస్కృతి పోతోందని వాట్సాప్‌లో ఏడవడం ఆపండి. పండక్కి ఊరెళ్ళినప్పుడు భాగోతం ఆడే ముసలాయన దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డు చెయ్యండి. ఏ ఊరు, ఏ ఆట, ఎవరి దగ్గర నేర్చాడు, అన్నీ రాసుకోండి. ఊరికే కాదు, డబ్బులిచ్చి. సర్కారు చెయ్యాలంటారా? చెయ్యాల్సిందే. కానీ టెండరు పిలిచేదాకా ఆ ముసలాయన ఉండొద్దూ?