చీకటి కావాలి

సముద్రం చూద్దామని వెళ్తే పెళ్లిపందిరి ఎదురైంది! మొన్న మార్చిలో విశాఖ తీరాన మేం దిగిన రిసార్టువారు ఇసకంతా దీపాల తోరణాలు కట్టేశారు. పర్యాటకాభివృద్ధిట!

ఏటా జనవరి మొదలు ఆ తీరానే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టిపోతాయి. పుట్టిన పిల్లకి దారి చూపే తల్లి ఉండదు. రాత్రివేళ వెలుతురెటుంటే అటే సముద్రమనుకుని పాకుతుంది. అంటే, మన డైనింగు హాలు వైపు! దారిలో కుక్కలు, తెల్లారితే కాకులు.

పడవల తాకిడికి దెబ్బతిన్న పగడాలు కోలుకోవాలని థాయిలాండువారు 2018లో మాయా బే తీరాన్ని మూడున్నరేళ్లు మూసేశారు. వాళ్లకి డబ్బు చేదా? మనం మూయమనటంలేదే! ఆ నాలుగైదు నెలలూ రాత్రిళ్లు ఇసకమీద దీపాలు ఆర్పమంటున్నాం, అంతేగా.

అదే అడిగితే, "చీకటైతే గెస్టులు ఒప్పుకోరమ్మా!" అన్నాడు మేనేజరు.

గెస్టుని నేనే కదా నాయనా!